చిరగలేదని రాసిన చీటీ

ఆ గదికి కిటికీలు లేవు. ఎండకూ పాత కాగితానికీ పడదు కనుక, కట్టించినవాళ్ళు గోడలనే నమ్ముకున్నారు. వరసగా టేబుళ్ళు, టేబులుకొక వంగిన దీపం, దీపం కింద నల్లని మెత్తగుడ్డ, గుడ్డ మీద ఎవరిదో ఒక చిన్నతనం. పాత బొమ్మల కథల పుస్తకాలు అక్కడికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. రెండు అట్టల నడుమ పడుకొని, పొత్తిళ్ళలో పసిబిడ్డల్లా వచ్చేవి. చేతులు కడుక్కొని వాటిని విప్పేవారు. పుటలు లెక్కపెట్టేవారు, వెన్ను మీది ముడతలు చూసేవారు, పిన్నులకు పట్టిన తుప్పు చూసేవారు. పుస్తకం ఎంత బాగుందో ఒక అంకె వేసి, గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అంచులు కరిగించి మూసేసేవారు. మూసిన పెట్టెను తెరవాలంటే పగలగొట్టడమొక్కటే దారి. అందుకే పెట్టె నెత్తి మీద ఒక చీటీ ఉండేది. లోపలున్న పుస్తకం తరఫున ఇక ఆ చీటీయే మాట్లాడాలి.

చీటీలు రెండు రంగులవి. ఎవరి మరమ్మతూ ఎరగని పుస్తకానికి తెల్ల చీటీ. చిరిగినచోట అతికించినదానికీ, వెలిసినచోట రంగు అద్దినదానికీ, నలిగిన అంచు కత్తిరించినదానికీ ఊదా చీటీ. ఎక్కడెక్కడ ఏమేం చేశారో దాని మీద వివరంగా అచ్చు వేస్తారు. ఊదా అంటే తప్పు కాదని కంపెనీ నియమాల్లో రాసి ఉంది. కానీ నియమాలు గోడకు వేలాడేవి, మాటలు నోళ్ళలో తిరిగేవి. కొనేవాళ్ళు ఊదాను చూసి మొహం తిప్పుకునేవారు. ఆ గదిలోని వాళ్ళు ఆ మాటను తిట్టుగా చేసుకున్నారు. మీసానికి రంగేసుకొచ్చిన మేనేజరు ఊదా. పళ్ళు కట్టించుకున్న డ్రైవరు ఊదా. ఫొటోలో మొటిమలు తుడిపించుకున్న గుమాస్తా ఊదా.

ఈ మాటను అందరికన్నా బాగా వాడినవాడు మిల్లీమీటరు.

అది అతని అసలు పేరు కాదు. అక్కడ అతనికి మిగిలిన పేరు. మరమ్మతు ఉందో లేదో తేల్చే మొదటి టేబులు అతనిది. పుస్తకాన్ని దీపానికి ఏటవాలుగా పట్టి, భూతద్దంలోంచి చూసి, ఊదారంగు టార్చి వేసి, ఆ వెలుగులో కొత్త రంగు పాత రంగుతో కలవక ఎక్కడ తేలిపోతుందో చూసి, ఒక గడిలో టిక్కు పెట్టేవాడు. ఒకసారి పేరున్న పుస్తకమొకటి అందరి చేతులూ దాటి వెళ్ళిపోతూంటే, దాని కుడి అంచును ఎవరో వెంట్రుకవాసి కోశారని పట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఆ బిరుదును కొత్త చొక్కాలా తొడుక్కొని తిరిగాడు.

నిజానికి అతను బిడియస్తుడు. నలుగురు నిలబడి టీ తాగేచోట ఐదోవాడిగా చేరడానికి అతనికి కాళ్ళు వచ్చేవి కావు. ఎవరో చెత్తగా అతికిన పుస్తకమొకటి చేతికి వచ్చినప్పుడు మాత్రం అతనికి నోరు వచ్చేది. "ఇది పుస్తకం కాదు గురూ, పెళ్ళికి ముస్తాబు చేసిన శవం" అన్నాడొకసారి. అందరూ పడీపడీ నవ్వారు. అంచులు కరిగించి పెట్టెలు మూసే సీలు మాస్టరయితే టీ ఒలకబోసుకున్నాడు. ఆ నవ్వుల్లో అతనికి నిలబడేందుకు కాస్త చోటు దొరికింది. ఆ చోటు పోకుండా అప్పుడప్పుడూ మరో మాట విసురుతూ వచ్చాడు.

అతని పిన్నిది కూడా కాగితాల కొలువే. మ్యూజియంలో చిరిగిన పాత పటాలు అతికే గదిలో పనిచేసి రిటైరయింది. ఉద్యోగం నుంచి రిటైరయింది గానీ గొప్పలు చెప్పుకోవడం నుంచి కాలేదు. సరిహద్దు గీత వెంబడే చిరిగిపోయిన పటాన్ని ఒకదాన్ని తాను అతికిన సంగతి ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేది. "యుద్ధాలు చేసినవాళ్ళకి పతకాలిచ్చారు. రెండు దేశాల్ని గంజిపెట్టి కలిపింది నేను, నాకు ఒక శాలువా" అనేది.

ఆ పిన్నికీ అతని తల్లికీ మాటలు పోయాయి. పోవడానికి కారణం ఒక బొమ్మల పుస్తకం.

పేరు 'సముద్రం అడుగున రైలు'. అట్ట మీద నీలం నీళ్ళు, నీళ్ళలో ఎర్రని ఇంజను, ఇంజను వెనక పెట్టెలు, పెట్టెల కిటికీల్లోకి తొంగిచూసే చేపలు. అక్కచెల్లెళ్ళిద్దరూ పిల్లలుగా ఉన్నప్పుడు పరుగుపందెంలో గెలిచినందుకు అక్కకు అది బహుమతిగా వచ్చింది. ఆఖరి పుట చదవకముందే చెల్లెలు వచ్చి పట్టుకుంది. ఇద్దరూ లాగారు. ఇంజను అక్క చేతిలో ఉండిపోయింది, పెట్టెలు చెల్లెలి చేతిలో ఉండిపోయాయి. రెండు ముక్కల్నీ వాళ్ళమ్మ ఏరి ట్రంకుపెట్టెలో దాచింది. ఆవిడ పోయాక ఆ ట్రంకుపెట్టె పిన్ని ఇంటికి వెళ్ళింది. ఎవరు చించారన్న తగవు మాత్రం ట్రంకులో ఇమడలేదు. "నువ్వే" "నువ్వే" అనుకుంటూనే ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. ఆ తగవు వాళ్ళకి ఒక ఆటలా ఉండేది.

నిరుడు బంధువుల పెళ్ళిలో, భోజనాల దగ్గర, పిన్ని ఆ ఆటను ఒక మెట్టు దాటించింది. చుట్టూ జనం ఉన్నారు, నవ్వించాలన్న హుషారు ఉంది. "మా అక్క ఎలాంటిదంటే, నాకు చదవడానికివ్వాల్సొస్తుందని పుస్తకాన్నే చింపేసింది" అంది. బల్ల ఈ చివర నుంచి ఆ చివరదాకా నవ్వారు. అతని తల్లి పళ్ళెం పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయింది. నలుగురిలో తనని పిసినారిని చేసిందనీ, పైగా చెల్లెలే చేసిన పనిని తన నెత్తిన రుద్దిందనీ ఇంటికి వచ్చాక ఒక్కసారే చెప్పింది. ఆ తరవాత ఇద్దరి మాటలూ అతని మీదుగా నడిచాయి. మీ అమ్మ మందులు వేసుకుంటోందా అని పిన్ని ఫోనులో అడిగేది. ఫోను స్పీకరులోనే ఉండేది, తల్లి పక్కనే ఉండేది; వేసుకుంటోందని చెప్పు అని అతనితోనే అనేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పిన్ని అతన్ని తన ఇంటికి పిలిచింది. బల్ల మీద రెండు అట్టల నడుమ ఆ పుస్తకం ఉంది. రెండు ముక్కలూ ఒకటయ్యాయి.

"ఇది మీ కంపెనీలో పెట్టెలో పెట్టించు. ఉన్నది ఉన్నట్టు రాయించు. ఒక్క ముక్క తక్కువ రాయకూడదు" అంది.

మావాళ్ళు రాస్తే నువ్వు బాధపడతావు పిన్నీ, అన్నాడతను.

"నా పని నాకు తెలీదట్రా? రాయనీ."

ఎందుకని అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇది కూడా పిన్ని గొప్పల్లో ఒకటనుకున్నాడు. ఊదా చీటీ అంటే ఏమిటో ఎరగక, దాన్నొక ప్రశంసాపత్రం అనుకుంటోందనుకున్నాడు. పుస్తకాన్ని కౌంటరులో ఇచ్చాడు. అక్కడ యజమాని పేరు తీసేసి గీతల స్టిక్కరు అంటించి లోపలికి పంపిస్తారు. ఎవరి పుస్తకమో చూసేవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే, అంటే తన ఇంటివాళ్ళదే తన టేబులు మీదికి వస్తే, ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. చెయ్యెత్తి "మావాళ్ళది" అనాలి, పుస్తకాన్ని పక్క టేబులుకు జరపాలి. ఒక్క మాట, ఒక్క జరుపు. అందరూ చేసేదే.

అది వచ్చిన రోజున, అంతకు కాసేపటి ముందే, ఎవరో పచ్చని టేపు వేసి అతికిన పుస్తకమొకటి చేతులు మారింది. మిల్లీమీటరు ఏమంటాడా అని అందరూ మొహం చూస్తే, పాత మాటనే కొత్తగా తిప్పి అన్నాడు. నవ్వారు. ఆ నవ్వు వేడి ఇంకా ఆరకముందే దొంతరలో పై పుస్తకం తీశాడు. నీలం నీళ్ళు, ఎర్రని ఇంజను.

దీపం కింద ఏటవాలుగా పట్టాడు. ఇంజనుకూ మొదటి పెట్టెకూ మధ్య పైనుంచి కిందికి సన్నని జాడ, చీమ నడిచినంత. అట్ట లోపలివైపు ఆ జాడ పొడవునా పొరలాంటి పల్చని నారకాగితం, గంజి జిగురుతో అంటించి ఉంది. ఒక చేపకు తోక ఊడిపోతే పిన్ని కొత్త తోక మొలిపించింది. టార్చి వేస్తే ఆ తోక ఒక్కటే మసకగా మెరిసింది. అంత మంచి పనిని అతనెన్నడూ చూడలేదు. ఆ సంగతి అతని వేళ్ళకు తెలిసింది, నోటికి తెలియలేదు.

చెయ్యెత్తి "మావాళ్ళది" అంటే పక్క టేబులమ్మాయి చూస్తుంది, అతుకు కనపడుతుంది, మిల్లీమీటరు ఇంట్లోనే ఊదా ఉందట అని టీ దగ్గర మాట పుడుతుంది. తనే చూసి నిజం రాసినా, పుస్తకం ఎవరిచ్చారో కౌంటరు గుమాస్తాకు తెలుసు. తనను ఊదా అన్న మొటిమల మాటను ఆ గుమాస్తా ఇంకా మరిచిపోలేదు. పైగా ఊదా చీటీ చూస్తే పిన్ని చిన్నబుచ్చుకుంటుందనీ, అమ్మకు అదొక ఆయుధమవుతుందనీ అతనికి తోచింది. ఇదంతా పిన్ని కోసమే అనుకున్నాడు. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

'మరమ్మతు లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. టిక్కు వంకరగా వచ్చింది.

పుస్తకం అంకెలు వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మొదటి టేబులు తేల్చినదాన్ని వాళ్ళు మళ్ళీ తవ్వరు. ఆఖరున పెద్దాయన చూస్తాడు. ఆ గదిలో తల నెరిసినవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఆయన పుస్తకాన్ని పట్టుకొని స్వయంగా అతని టేబులు దాకా నడిచి వచ్చాడు.

"నువ్వు చూశావా దీన్ని?"

"చూశానండి."

"అట్ట లోపల వేలికి ఏదో తగిలినట్టుంది."

"అచ్చులోనే అక్కడ కాగితం కాస్త మందంగా వచ్చిందండి."

పెద్దాయన అట్ట మూశాడు. "నువ్వు చూశాక ఇంకేముందిలే" అని వెళ్ళిపోయాడు. అనుమానంతో అని ఉంటే అతనికి అంత బరువయ్యేది కాదు. నిజంగానే నమ్మి అన్నాడు. ఆ రోజంతా మిల్లీమీటరు దీపం కింద నుంచి తలెత్తలేదు; శ్రద్ధగా పనిచేస్తున్నాడనుకున్నారు.

పెట్టె తయారై వచ్చింది. మందపు కవరులో పెట్టి పిన్నికి ఇచ్చాడు. అంతా రాశారా అని ఆవిడ అడిగింది. బాగా వచ్చింది పిన్నీ అన్నాడు. ఆవిడ కవరు విప్పలేదు. విప్పాల్సింది తను కాదంది. ఆదివారం మీ ఇంటికి వస్తున్నానని మీ అమ్మకు చెప్పమంది, చెప్పినప్పుడు ఆవిడ గొంతులో పరీక్షకు వెళ్ళే పిల్ల బెదురు ఉంది. దాన్ని అతను విన్నాడు గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఆదివారం పిన్ని వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి కావలసినదాని కన్నా ఎక్కువ సమయం తీసుకుంది. తల్లి సోఫాలో ఒక కొసన కూర్చుని ఉంది, పిన్ని ఎదురుగా కుర్చీలో కూర్చుంది; నడుమ అతను కాఫీలు పట్టుకొని, ఏ కప్పు ముందు ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. కాసేపు వాన గురించి మాట్లాడుకున్నారు, అదీ అతనితోనే. తరవాత పిన్ని కవరును అక్క ఒళ్ళో పెట్టింది.

తల్లి విప్పింది. పెట్టె మెరిసింది. నీలం నీళ్ళూ ఎర్రని ఇంజనూ కనపడగానే ఆవిడ మొహంలో ఏదో కదిలింది; వేలితో ప్లాస్టిక్ మీదుగా ఇంజనును తడిమింది. తరవాత కళ్ళజోడు సరిచేసుకొని, పైనున్న తెల్ల చీటీని పెదవులు కదిలిస్తూ చదివింది. మరోసారి చదివింది. మొహంలో కదిలింది కాస్తా ఆగిపోయింది.

"ఇది మనది కాదు" అంది.

"మనదే అక్కా." ఏడాది తరవాత సూటిగా అన్న మొదటి మాట అది.

"మనది చిరిగింది కదే. ఇందులో ఏ మరమ్మతూ లేదని, పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉందని రాసుంది." చీటీని గోటితో కొట్టింది. "ఆ రోజు నేను చించానన్నావు. ఇవాళ అసలు చిరగనే లేదని అచ్చేయించుకొచ్చావా?"

పిన్ని లేచి వచ్చి పెట్టె అందుకుంది. చీటీ చదివింది. చదివి అతని వైపు చూసింది. కోపంగా చూడలేదు, దారి తప్పినవాళ్ళు ఎదురొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. చెప్పవలసిన సమయం అదే. ఒక్క వాక్యం చాలు.  అతను చేతిలోని కాఫీ కప్పును సాసరు నడిమధ్యకు జరపడమే పెద్ద పనిగా పెట్టుకున్నాడు.

పిన్ని అతన్ని పట్టి ఇవ్వలేదు. ఏదో పొరపాటు జరిగినట్టుందని గొణిగి, పెట్టెను అక్కడే బల్ల మీద పెట్టి, చెప్పులేసుకొని మెట్లు దిగింది.

ఆ అడుగుల చప్పుడు ఆగిపోయాక గానీ అతని కాళ్ళు కదల్లేదు. వెళ్ళేసరికి ఆవిడ బస్టాపు బల్ల మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పక్కన కూర్చోవడానికి మొహం చెల్లక ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు కనపడలేదా?" అందావిడ.

"కనపడింది."

"మరి?"

"సిగ్గేసింది పిన్నీ."

"దేనికి?"

అతని చూపు ఆవిడ చేతుల మీద పడింది. చెప్పకపోయినా ఆవిడకు అందింది. తన చేతుల వంక చూసుకుంది, ఎవరివో అన్నట్టు. మెల్లగా చెప్పింది. అతుకు సంగతి ఆ చీటీ మీద పడాలనే ఇచ్చిందట. తప్పయిందన్న మాట ఆవిడ నోటికి ఈ జన్మలో రాలేదు, ఇక వస్తుందని ఆశ లేదు. అచ్చులో ఉంటే, తను అతికానని ఉంటే, తను చించానని అక్క చదువుకుంటుందనుకుందట. చించని మనిషి ఎందుకు అతుకుతుంది?

బస్సు వచ్చింది. "వెళ్ళొస్తాను బాబూ" అంది ఎక్కుతూ.

పుట్టినప్పటి నుంచి ఒరేయ్ అనీ వెధవా అనీ పిలిచిన మనిషి. బాబూ అన్నది పరాయివాళ్ళని, జాగా ఇవ్వమన్నప్పుడు, చిల్లర అడిగినప్పుడు అనే మాట. బస్సు వెళ్ళిపోయాక కూడా అది అతని చెంప మీద ఉండిపోయింది.

ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు. ఆవిడ అతన్ని తిట్టలేదు. "నాకు చెప్పి ఏం లాభం? అది నిలబడి ఉన్నప్పుడు చెప్పాల్సింది" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పెట్టెను సంచిలో పెట్టుకొని పెద్దాయన గదికి వెళ్ళాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బల్ల మీద పెట్టి, ఇది మావాళ్ళదని, అతుకు ఉందని, తెలిసే టిక్కు పెట్టానని, మీరు అడిగినప్పుడు కూడా అబద్ధం చెప్పానని, వరసగా, అప్పజెప్పినట్టు చెప్పాడు. పెద్దాయన పెట్టెను చాలాసేపు తిప్పి చూశాడు.

"నా వేలికి తగిలింది" అన్నాడు చివరికి. "నీ మాట విని నా వేలిని అనుమానించాను."

 మొదటి టేబులు ఇకనుంచి పక్కమ్మాయిదన్నాడు, అతన్ని ప్యాకింగు వైపు వెళ్ళమన్నాడు. అతని టిక్కుతో తెల్ల చీటీ పొందిన పుస్తకాలన్నీ వెనక్కి పిలిపించి మళ్ళీ చూడాలన్నాడు. ముందుగా దీన్ని ఇప్పుడే, అందరి ముందూ, పద్ధతి ప్రకారం చూద్దామన్నాడు.

సీలు మాస్టరు కట్టరుతో పెట్టె అంచు కోశాడు. ప్లాస్టిక్ టప్పుమని విడిపోయింది. ఎందుకు విప్పుతున్నారో మాస్టరుకు చెప్పలేదు, పుస్తకం ఎవరిదో ఆయనకు తెలియదు. తిరిగి చూడవలసిన పుస్తకానికి ఒకరు చూసి చెబుతుంటే మరొకరు రాయాలి. పక్కమ్మాయి దీపం కింద కూర్చుంది. రాసేపని మిల్లీమీటరుకు పడింది.

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ముందు అట్ట నిలువునా చిరిగి రెండు ముక్కలైనది. లోపలివైపు నారకాగితంతో అతికించినది. చేప తోక దగ్గర ముక్క పోగా కొత్తది చేర్చి రంగు వేసినది. అతను రాశాడు. వెనక నిలబడి తొంగిచూస్తున్న సీలు మాస్టరు అలవాటు ప్రకారం, నవ్వించాలని, అతని భుజం తట్టి అన్నాడు.

"చూశావా గురూ? పెళ్ళికి ముస్తాబు చేసిన శవం."

తన మాటే. తన గొంతు విరుపుతో సహా, అచ్చంగా తనదే. ఒకరిద్దరు నవ్వారు కూడా. మిల్లీమీటరుకు తల కొట్టేసినట్టయింది. చెవులు మండాయి. ఎవరో ఎక్కడో, ముక్కూమొహం తెలియని మనిషి, గంజి కలుపుకొని, ఊపిరి బిగబట్టి, తన చిన్నతనాన్ని అతుక్కుంటూంటే వెనక నిలబడి తను ఇన్నాళ్ళూ అన్నది ఇదీ. టేపు వేసినవాడికి నారకాగితం దొరికి ఉండదు, అంతే.

"అది చేసింది మా పిన్ని" అన్నాడు.

 సీలు మాస్టరు చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది. నాకు తెలీదు గురూ అని ఆయన గొణుగుతూంటే, ఆయన క్షమాపణ కూడా తను పడవలసిన శిక్షలాగే ఉంది. పక్కమ్మాయి మళ్ళీ భూతద్దం దగ్గరికి వంగి, ఎక్కడ ఆపామో అక్కడి నుంచి చెప్పసాగింది. అతను రాయసాగాడు. ఒక్క ముక్క తక్కువ రాయలేదు.

ఊదా చీటీతో పెట్టె వచ్చిన రోజున నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళాడు. ఆవిడ నిలబడే చదివింది. ఎక్కడా తప్పు లేదంది. మీ అమ్మకు నువ్వే ఇచ్చెయ్యి అంది. నువ్వు రావాలి పిన్నీ అన్నాడు. బతిమాలడం అతనికి చేతకాదు, గుమ్మంలోనే నిలబడిపోయాడు. పక్కింటివాళ్ళు చూస్తున్నారని ఆవిడ చివరికి చెప్పులేసుకుంది. బస్సులో ఇద్దరూ కిటికీలోంచే చూశారు.

తల్లి ఈసారి చీటీని పైకే చదివింది.

"ముందు అట్ట నిలువునా చిరిగి రెండు ముక్కలైనది. అవును. లోపలివైపు అతికించినది. సరే. తోక కొత్తది. ఆ తోక ఎటు పోయిందో అప్పుడు కూడా దొరకలేదు." కళ్ళజోడు తీసింది. "అన్నీ రాశారు. ఎవరు చించారో రాయలేదేం?"

అది మేము రాయం అమ్మా, అన్నాడతను. చిరుగు కనపడుతుంది గానీ లాగిన చెయ్యి కనపడదు.

తల్లి అతని వైపు చూడటం లేదు. పిన్ని కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది. చీర కొంగు అంచును మడతపెట్టింది, విప్పింది. గొప్పలు చెప్పే ఆ నోరు ఒకటి రెండుసార్లు తెరుచుకొని ఊరికే మూసుకుంది. అచ్చు వేయించి తప్పించుకుందామనుకున్న మాట తిరిగి తిరిగి ఆవిడ దగ్గరికే వచ్చి కూర్చుంది.

"నేనే అక్కా" అంది. "నువ్వు వదిలెయ్ వదిలెయ్ అంటూనే ఉన్నావు. నేనే లాగాను. పెళ్ళిలో అన్నది కూడా తప్పే."

తల్లి పెట్టెను ఒళ్ళోకి లాక్కుంది. తరవాత తల తిప్పకుండానే కొడుకుతో అంది, "నువ్వెళ్ళి పాలు పట్రా."

ఫ్రిజ్జులో పాలున్నాయని అతనికి తెలుసు. వెళ్ళాడు. కొట్టు దగ్గరే అయినా మెల్లగా నడిచాడు. తిరిగి వచ్చి తలుపు దగ్గర చెయ్యెత్తి, ఆపేశాడు. లోపల గొంతులు లేచాయి. ఆఖరి పుట చదవకముందే అసలెందుకు పట్టుకున్నావని ఒకరు, ఎంతసేపని చూడను, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేదానివని ఒకరు. ఎక్కడో ఒకచోట నవ్వు కూడా వినపడింది, ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. ఆ ఇంటి గంట కొట్టడానికి తనకింకా హక్కు రానట్టు అనిపించింది. ఒక మెట్టు కిందికి దిగి కూర్చున్నాడు. పాల ప్యాకెట్టు చెమటలు పట్టి మోకాలు తడిపింది. పై అంతస్తాయన దిగుతూ, తాళంచెవి మరిచిపోయావా అని పలకరించాడు. అవునండీ అన్నాడు.

తలుపు తెరుచుకుంది. పిన్ని ఒక్కతే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం తేలికపడి ఉంది. మెట్ల మీద అతన్ని చూసి ఆగింది. అతను గోడవైపుకు ఒదిగి లేవబోయాడు.

"కూర్చో బాబూ, పరవాలేదు" అని, మెట్ల కమ్మీ పట్టుకొని పక్కగా దిగింది. నాలుగు మెట్లు దిగాక ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"వచ్చే ఆదివారం అక్క రమ్మంది. నువ్వు ఇంట్లో ఉంటావా?"

ఉండమంటోందో, ఉండొద్దంటోందో ఆ గొంతులో అతనికి పట్టుబడలేదు. ఎంత సన్నని తేడానయినా పట్టుకునే మనిషి, ఆ వీపు వంక, ఆ పట్టుకున్న చేతి వంక చూస్తూ ఉండిపోయాడు.

"నీ ఇష్టం పిన్నీ" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. అవునన్నట్టో, విన్నానన్నట్టో. మళ్ళీ దిగసాగింది. ఆవిడ కిందికి చేరేదాకా అతను లేవలేదు.